వాతవ్యాధులున్న స్త్రీలు – మాతృత్వము

మన కుటుంబములలో తరచుగా వినవచ్చు మాటలు రెండు కలవు. కీళ్లవాతముతోగాని, లూపస్ వంటి వ్యాధితోగాని బాధపడుచున్న ఆడపిల్లను గూర్చి పెద్దలు "ఈ పిల్లకు కాన్పులు పనికిరావు" అని పెదవి విరుతురు. ఇది మొదటి మాట. ఆ పిల్లయే గర్భవతి అయినచో, "కడుపుతో ఉన్నప్పుడు మందులేమిటమ్మా? అన్నీ మానెయ్యి" అని అత్తగారో, అమ్మమ్మగారో హితము చెప్పుదురు. ఇది రెండవ మాట. రెండును ప్రేమతో పలికినవే. కాని మొదటి మాట వలన పలువురు స్త్రీలు అనవసరముగా ఆశ వదలుకొనుచున్నారు. రెండవ మాట వలన కొందరు ఆపద పాలగుచున్నారు. మేము వైద్యులము కాము. వైద్యులు కనుగొన్న సంగతులను శ్రోతలకు అందించువారము. ఈ రెండు మాటలను గూర్చి వైద్యశాస్త్రము ఏమనుచున్నదో నేడు మనవి చేయుదుము.

మన శరీరములో రోగములతో పోరాడు రక్షణశక్తి యొకటి కలదు. కొందరిలో ఆ శక్తి తనవారిని, పరాయివారిని గుర్తింపలేక, సొంత అవయవముల మీదనే తిరుగబడును. కావలివాడే ఇంటివారిని కొట్టినట్లు జరుగును. అది కీళ్ల మీద తిరుగబడినచో రుమటాయిడ్ కీళ్లవాతము. చర్మము, కీళ్లు, మూత్రపిండములు, రక్తము మున్నగు అనేక స్థానములను పట్టినచో లూపస్. కన్నీటిని, లాలాజలమును ఎండించినచో షోగ్రెన్ వ్యాధి. ఇవి పురుషులకంటె స్త్రీలకే ఎక్కువగా వచ్చును. లూపస్ రోగులలో ప్రతి పదిమందికి సుమారు తొమ్మిదిమంది స్త్రీలే. అదియును చాలమందికి పెండ్లియీడు, బిడ్డలను కను వయస్సులోనే కనబడును. కావున "పిల్లలు కలుగుదురా?" అను ప్రశ్న ఈ రోగులకు మొదటి దినముననే ఎదురగుచున్నది.

గర్భమునకును కీళ్లవాతమునకును గల సంబంధమును శ్రద్ధగా గమనించినవారిలో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు ఫిలిప్ హెంచ్ ప్రముఖుడు. కదలలేక బాధపడు స్త్రీలు గర్భవతులైనప్పుడు కీళ్లనొప్పులు తగ్గి తేలికగా తిరుగుటను చూచి, ఆయన 1938లో ఆ సంగతిని ప్రకటించెను. శరీరములోనే ఈ బాధను అణచు పదార్థమేదో ఉండవలెనని ఆయన తలపోసెను. ఆ అన్వేషణయే 1948లో కార్టిసోన్ ప్రయోగమునకు దారి తీసెను. 1950లో ఆయనకు, కెండాల్, రైఖ్‌స్టయిన్‌లతో కలిపి నోబెల్ బహుమానము లభించెను. గర్భకాలపు ఉపశమనమునకు కారణము ఆ ఒక్క పదార్థమే కాదని తరువాత తేలినది. ఐనను గర్భిణీస్త్రీలను గమనించుటతో బలపడిన ఆలోచన లోకమునకొక గొప్ప ఔషధమును ప్రసాదించినది.

కీళ్లవాతము గలవారిలో నూటికి సుమారు 60 మందికి గర్భకాలములో బాధ తగ్గును. అయితే ప్రసవమైన కొలది నెలలలో సుమారు సగము మందికి వ్యాధి మరల పైకి లేచును. పసిబిడ్డను ఎత్తుకొని పాలివ్వవలసిన సమయముననే చేతివ్రేళ్లు బిగుసుకొనును. కావున ఇట్టి బాలింతకు పురిటి స్నానము, పథ్యము మాత్రమే చాలవు. బిడ్డను అందుకొను మరియొక చేయియు, వైద్యుని వద్దకు తిరిగి వెళ్లుటయు అవసరము.

లూపస్ మార్గము వేరు. అది గర్భములో తనంతట చల్లబడునని నమ్మరాదు. ఒకప్పుడు లూపస్ గల స్త్రీలు గర్భము ధరింపరాదని వైద్యులే నిషేధించిరి. దానికి కారణము లేకపోలేదు. 1960–65 ప్రాంతపు లెక్కలలో అట్టి గర్భములలో నూటికి 43 నష్టమైనట్లు కనబడుచున్నది. 2000–2003 నాటికి ఆ సంఖ్య 17కు దిగినది. వ్యాధిని ముందుగా గుర్తించుట, తగిన సమయమునకు వేచియుండుట, గర్భమునంతటిని జాగరూకతతో కనిపెట్టుట అను మూడును ఈ మార్పునకు తోడ్పడినవి. ఐతే నెలలు నిండకముందే ప్రసవమగుట మాత్రము ఆ మేరకు తగ్గలేదు. కావున ఏమరుపాటు తగదు.

తగిన సమయమనగా ఏది? వ్యాధి కనీసము ఆరుమాసములు నిమ్మళముగా ఉండి, గర్భమునకు తగిన మందులతోనే అట్లు నిలుచుచున్న సమయము. ముఖ్యముగా మూత్రపిండములకు వ్యాధి సోకినవారు ఈ నియమమును తప్పక పాటింపవలెను. ఉత్తర అమెరికాలో 385 మంది లూపస్ గర్భిణులను పరిశీలించి, 2015లో ఫలితములను ప్రకటించిరి. వ్యాధి తీవ్రముగా ఉన్నవారిని అందు చేర్చుకొనలేదు; అణగియున్నవారిని, స్వల్పముగా ఉన్నవారిని మాత్రమే తీసికొనిరి. వారిలో నూటికి 81 మందికి పెద్ద చిక్కులేవియు లేక కాన్పు జరిగినది. "కాన్పులు పనికిరావు" అనువారికి ఈ సంఖ్యయే సమాధానము. పనికిరానిది కాన్పు కాదు, వేళ కాని వేళ.

ఇక మాటిమాటికి గర్భస్రావమగు స్త్రీల సంగతి. మన సమాజములో అట్టి ఇల్లాలు పడు నిందలు ఇన్నియన్ని కావు. దోషమందురు, శాపమందురు, కొందరు మారు మనువు మాట కూడ ఎత్తుదురు. కాని అట్టివారిలో కొందరి రక్తములో ఫాస్ఫోలిపిడ్ ప్రతిదేహములను పదార్థములుండును. ఇవి రక్తమును అవసరములేని చోట గడ్డకట్టించును. బిడ్డకు ఆహారమందించు మావిని చెరచును. 1983లో లండనులో గ్రహమ్ హ్యూస్ అను వైద్యుడు ఈ వ్యాధిని స్పష్టముగా వర్ణించెను. 1997లో లండను వైద్యులే, పలుమారులు గర్భము పోయి, ఈ ప్రతిదేహములున్న 90 మంది స్త్రీలకు చికిత్స చేసిన ఫలితములను వెల్లడించిరి. ఆస్పిరిన్ మాత్రమే పుచ్చుకొన్నవారిలో నూటికి 42 మంది సజీవులైన బిడ్డలను కనిరి. ఆస్పిరినుతోబాటు హెపారిన్ సూదిమందు కూడ తీసికొన్నవారిలో 71 మంది కనిరి. ఏండ్ల తరబడి నిందలు మోసిన స్త్రీకి కావలసినది ఒక రక్తపరీక్ష, వైద్యుడు నిర్ణయించిన చికిత్స. ఇది ప్రతి గర్భస్రావమునకును కారణము కాదు. ఐనను వరుసగా గర్భములు పోయినప్పుడు ఈ పరీక్ష చేయింపకుండుట అన్యాయము.

లూపస్, షోగ్రెన్ రోగులలో కొందరికి 'రో' అను మరియొక ప్రతిదేహముండును. అది మావిని దాటి బిడ్డను చేరి, నూటికి సుమారు ఇద్దరు శిశువులలో గుండె కొట్టుకొను వేగమును తగ్గింపవచ్చును. ఇది సాధారణముగా 18–24 వారముల మధ్య బయటపడును గనుక, ఆ కాలమున బిడ్డ గుండెను స్కానింగుతో కనిపెట్టుదురు. ఒకసారి అట్టి బిడ్డ పుట్టినచో మరుసటి కాన్పులో అపాయము ఎక్కువ. అట్టి తల్లులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ బిళ్ల ఇచ్చినచో ఆ అపాయము సగమునకంటె తక్కువకు దిగుచున్నదని 2020లో వెలువడిన పరిశోధన తెలిపినది.

ఈ బిళ్ల పేరు వచ్చినది గనుక రెండవ మాటకు వత్తుము. "అన్నీ మానెయ్యి" అనుట అన్నింటికంటె ప్రమాదకరము. మందులలో రెండు తెగలు కలవు. మెథోట్రెక్సేట్, మైకోఫినోలేట్, సైక్లోఫాస్ఫమైడ్ వంటివి బిడ్డకు హాని చేయును. మెథోట్రెక్సేటును ఒకటి నుండి మూడు మాసములు, మైకోఫినోలేటును ఆరు వారములకు పైగా, గర్భము ధరించుటకు ముందే మాన్పించి, వైద్యుడు వేరు మందునకు మార్చును. ఇందువలననే గర్భము వచ్చిన తరువాత పరుగెత్తుట కాక, రావలెనని తలచినప్పుడే వైద్యుని కలియవలెను. హైడ్రాక్సీక్లోరోక్విన్, అజథయోప్రిన్, తక్కువ మోతాదు ప్రెడ్నిసొలోన్ వంటివి రెండవ తెగవి. వైద్యుని పర్యవేక్షణలో వీనిని గర్భములోను, పాలిచ్చునప్పుడును వాడవచ్చును. లూపస్ గల స్త్రీ హైడ్రాక్సీక్లోరోక్వినును హఠాత్తుగా మానినచో వ్యాధి రెచ్చిపోవు అపాయము హెచ్చును. బిడ్డకు కీడు చేయునని భయపడి మందు మానుట, రెచ్చిన వ్యాధినే బిడ్డ పైకి వదలుట యగును. నొప్పికని అంగడిలో కొను బిళ్లలను మాత్రము, ముఖ్యముగా అయిదు నెలలు నిండిన తరువాత, అడుగక మ్రింగరాదు.

వేచియుండు కాలములో గర్భము రాకుండ చూచుకొనుటకును సలహా కావలెను. ఫాస్ఫోలిపిడ్ ప్రతిదేహములున్నవారికి ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు తగవు. రక్తము గడ్డకట్టు భయము కలదు.

గర్భము నిలిచిన పిమ్మట చేయవలసినవి చాలవరకు సామాన్యములే. ప్రతి దర్శనమునను రక్తపుపోటు చూపించుకొనవలెను. మూత్రములో మాంసకృత్తులు పోవుచున్నవేమో పరీక్షింపవలెను. ఈ స్త్రీలకు రక్తపుపోటు పెరిగి గుర్రపువాతమునకు దారి తీయు అపాయము ఇతరులకంటె ఎక్కువ. దానిని తగ్గించుటకు లూపస్ గలవారికి కొద్ది మోతాదు ఆస్పిరినును 16 వారములకు ముందే ఆరంభింతురు. కాళ్లు, మొగము వాచుట, తలనొప్పి, కన్నులు మసకలగుట కనబడినచో "వేవిళ్ల బడలిక" అని ఊరకుండరాదు. పుట్టింటికి పంపు ఆచారము మంచిదే. కాని ఆ ఊరిలో నెలలు నిండని బిడ్డను కాపాడు సాధనములున్న ఆసుపత్రి దగ్గరలో ఉన్నదా యని ముందు విచారింపవలెను. వైద్యుల కాగితములన్నియు పెట్టెలో చీరలకంటె ముందు పెట్టవలెను. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ వంటి చోట్ల ఈ వ్యాధులకు ప్రత్యేక శాఖ కలదు. ఆ వైద్యుడును, కాన్పుల వైద్యురాలును ఒకరితో నొకరు సంప్రదించుకొనునట్లు చూచుట కుటుంబము వారి వంతు.

మూత్రపిండములు చాల చెడినవారికి, ఊపిరితిత్తులలో రక్తపుపోటు హెచ్చినవారికి గర్భము ప్రాణాపాయమే. వైద్యుడు వలదన్నచో ఆ మాట వినవలెను. అట్టి స్త్రీ బిడ్డను కనలేదని ఇంటిలో ఎవరును ఆమెను చిన్నచూపు చూడరాదు. కాని ఆ నిర్ణయము పరీక్షలు చూచిన వైద్యుడు, ఆ దంపతులు కలిసి చేయవలసినది. ఇరుగుపొరుగువారు తేల్చవలసినది కాదు.

కావున మీ ఇంటిలో ఇట్టి కూతురుగాని, కోడలుగాని ఉన్నచో, "నీకు పిల్లలు వద్దు" అనుటకు ముందును, "మందులు మాను" అనుటకు ముందును, "వైద్యుని అడిగివత్తము, రమ్ము" అని ఆమె వెంట బయలుదేరుడు. తల్లికిని, పుట్టబోవు బిడ్డకును మీరు చేయగల సహాయములలో అదియే మొదటిది.