చలాన్ని మొత్తం చదవండి



ఈ రోజు బి.ఎడ్. పట్టాలు అందుకున్న మిమ్మల్ని నేను కోరేది ఒక్కటే. ఒక రచయితను ఎంచుకుని, ఆయన రాసిందల్లా చదవండి. నా మటుకు నేను గుడిపాటి వెంకటచలం పేరు చెబుతాను. ఆయనా మీలాగే బడిపంతులు, ఆ తర్వాత స్కూళ్ల ఇన్స్పెక్టరు. చదువుకునే రోజుల్లోనే జంధ్యం తీసేశాడు. తను నమ్మినట్టే బతికి, ఊళ్లు వెలేసినా ఓర్చుకున్నాడు.

చలం అనగానే అందరి నోటా వచ్చేది ‘మైదానం’. 1927 నాటి ఆ నవలలో రాజేశ్వరి ప్లీడరు మొగుణ్ని వదిలి అమీర్‌తో వెళ్లిపోతుంది. చాలామందికి తెలిసిన చలం అక్కడితో సరి. అదొక్కటే చదివినవాళ్లు ఆయన్ని తిట్టనన్నా తిడతారు, నెత్తినన్నా పెట్టుకుంటారు. ‘స్త్రీ’, ‘బ్రాహ్మణీకం’, ‘మ్యూజింగ్స్’, శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’కి రాసిన ‘యోగ్యతాపత్రం’ కూడా చదివితే ఆ తొందర తగ్గుతుంది. అన్నీ గొప్పవని నేననను. కొన్ని కథల్లో పాత్రలు పక్కకి తప్పుకుని చలమే ఉపన్యాసం అందుకుంటాడు. చెప్పిందే చెబుతాడు. అయినా వదలకండి. ఏ మాట దగ్గర ఆయన మళ్లీ మళ్లీ ఆగుతున్నాడో ఆ విసుగు పుట్టించే పేజీల్లోనే దొరుకుతుంది.

1950లో అదే మనిషి తిరువణ్ణామలై చేరి, 1979లో పోయేదాకా రమణ మహర్షి నీడలోనే ఉండిపోయాడు. నిన్నటి తిరుగుబాటుదారు నేడు భక్తుడయ్యాడని కొందరు నొచ్చుకున్నారు. వరసగా చదివితే నాకు అందులో తెగిన దారం కనబడలేదు. మనిషికీ ఆ మనిషి వెతుకులాటకీ మధ్య మొగుడైనా, కులమైనా, శాస్త్రమైనా అడ్డు నిలబడటానికి ఆయన మొదట్నుంచీ ఒప్పుకోలేదు.

ఆ పట్టుదల చిన్నపిల్లల దాకా వచ్చిన చోటు ‘బిడ్డల శిక్షణ’. కొట్టొద్దు, భయపెట్టొద్దు, మీ ఆశలు వాళ్ల నెత్తిన రుద్దొద్దని పెద్దవాళ్లని నిలదీస్తాడు. బెత్తం లేని బడిని ఊహించడమే కష్టమైన రోజుల్లో రాసిన పుస్తకం అది. ‘మైదానం’ రాసిన చెయ్యే ఇదీ రాసిందని తెలిశాక, రాజేశ్వరి కథ నాకు ఇంకోలా వినబడింది. చెప్పుచేతల్లో పెరిగిన పిల్ల పెద్దదై ఊపిరాడక తలుపు తీసుకుని బయటపడటం అందులో కనిపించింది.

జూన్‌లో మీలో చాలామంది తరగతి గదుల్లోకి వెళ్తారు. ఈ సెలవుల్లో ముందు ‘బిడ్డల శిక్షణ’ చదవండి. తర్వాత ‘మైదానం’, ఆపైన దొరికినవన్నీ. చదివాక మీకు ఆయనతో ఎక్కడ పేచీ వచ్చిందో నాకు ఉత్తరం రాయండి. తప్పకుండా జవాబిస్తాను.