కడుపులో పుండుకు మందు: ఏ కోర్సు, ఎన్ని రోజులు?

 

మేము డాక్టర్లం కాము, బడిపంతుళ్లం. వైద్య సహాయం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కనుక మా స్టాఫ్ రూము సంగతితోనే మొదలుపెడతాం.

మాతో పనిచేసే ఒక సోదరుడికి ఏళ్ల తరబడి కడుపులో మంట. ఇంట్లోవాళ్లు కారం మానమన్నారు, మేమేమో పేపర్లు దిద్దే టెన్షన్ అన్నాం. చివరికి ఎండోస్కోపీలో అల్సర్ కనబడింది. కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. 14 రోజుల కోర్సు రాశారు. ఐదో రోజుకు మంట చల్లారింది, ఆరో రోజు నుంచి ఆయన మానేశారు. "బాగానే ఉంది కదా, డబ్బు దండగ" అంటే మేమూ తలలూపాం. ఆరు నెలలకు జబ్బు మళ్లీ మొదటికొచ్చింది. అలా తలూపినందుకు ఇవాళ్టికీ సిగ్గుపడతాం.

ఒకప్పుడు డాక్టర్లూ అల్సర్‌కు కారణం ఆమ్లం, ఆందోళన అనే నమ్మేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ ఈ బాక్టీరియా సంగతి బయటపెట్టారు. నమ్మనివారి కోసం మార్షల్ 1984లో ఆ బాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకున్నారు. (పిల్లలు "ఛీ" అంటూనే ఈ పాఠం చెవులు రిక్కించి వింటారు.) 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఎక్కువగా వాడే కోర్సులు రెండు. ఒకటి మూడు మందులది: ఆమ్లం తగ్గించే మాత్ర, క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్. రోజుకు రెండు పూటలే కనుక తేలిక. చిక్కల్లా క్లారిత్రోమైసిన్‌తోనే. దాని కుటుంబానిదే అయిన అజిత్రోమైసిన్‌ను జలుబు చేసినా మెడికల్ షాపులో అడిగి కొనే అలవాటు మనది. బాక్టీరియా ఆ మందులకు మొండికేస్తే ఈ కోర్సు చాలాసార్లు విఫలమవుతుంది.

రెండోది నాలుగు మందులది: ఆమ్లం మాత్ర, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్. రోజుకు నాలుగుసార్లు మింగాలి. నోరు చేదు, వికారం. బిస్మత్‌తో మలం నల్లబడుతుంది. దానితోపాటు కళ్లు తిరిగినా, నీరసించినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. టెట్రాసైక్లిన్ పాలతో వేసుకుంటే సరిగా ఒంటబట్టదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వరు. ఇంత బాధ ఉన్నా, క్లారిత్రోమైసిన్‌కు లొంగని బాక్టీరియా మీద ఇది పనిచేస్తుంది. పెన్సిలిన్ పడనివారికీ వీలవుతుంది. 2024 అమెరికన్ మార్గదర్శకాలు 14 రోజుల ఈ కోర్సునే ముందుంచాయి. ఎవరికి ఏది అన్నది మాత్రం డాక్టరే చెప్పాలి.

రంజాన్‌లో నాలుగు పూటల మందు రోజాతో కుదరదు. జబ్బుమనిషి రోజాలను తర్వాత పూర్తి చేసుకునే సౌలభ్యం ఉంది. మందును ముక్కలు చేసుకోకుండా ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

దాతలకు మా విన్నపం ఒకటే. ఐదు రోజుల మందు పదిమందికి పంచడంకన్నా, పూర్తి కోర్సు నలుగురికి ఒకేసారి చేతికివ్వండి. కోర్సు అయిన నాలుగు వారాల తర్వాత చేసే శ్వాస పరీక్షకో, మల పరీక్షకో అయ్యే ఖర్చునూ సహాయంలో కలపండి. నొప్పి పోయినంత మాత్రాన బాక్టీరియా పోయినట్టు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది.

మా సోదరుడు రెండోసారి నాలుగు మందులు వాడారు. రోజూ విసుక్కుంటూనే, హాజరుపట్టీలా గీసుకున్న కాగితం మీద పూటపూటకూ టిక్కు పెట్టారు. ఆఖరి టిక్కు మా ఎదుటే పెట్టారు. నాలుగు వారాలాగి పరీక్ష చేయిస్తే నెగెటివ్ వచ్చింది.