ఆగిన మెట్టు నుంచే చదువు



చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే ప్రతి టీచరు మనసులోనూ ఒక బడి ఉంటుంది. గుజరాత్‌లో గిజుభాయి బధేకా తన మనసులోని బడిని 1932లో ‘దివాస్వప్న’ అనే పుస్తకంగా రాశారు. నా మనసులోని బడి గురించి, దానికి దారి చూపిన ఒక పద్ధతి గురించి ఈ పూట మీతో చెప్తాను.

ముందు మన పల్లె బడి సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకూ ఇద్దరు టీచర్లు ఉండాలి. తరగతులు మాత్రం ఐదు. చట్టం పక్కాగా అమలైన చోట కూడా ఒక్కో టీచరు రెండు మూడు తరగతులు చూసుకోవాల్సిందే. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే మూడో తరగతి చేతులు కట్టుకుని కూర్చుంటుంది. వేరుశనగ పీకే రోజులొస్తే అమ్మానాన్నలు చేనికి వెళ్తారు, చంటిబిడ్డను ఎత్తుకుని పెద్దపిల్ల ఇంటిపట్టున ఉండిపోతుంది. ఆ పిల్ల మళ్ళీ బడికొచ్చేసరికి పాఠాలు ఎంతో ముందుకెళ్ళి ఉంటాయి. ఏమీ అర్థంకాక, అడగడానికి సిగ్గుపడి, కొన్నాళ్ళకు బడే మానేస్తుంది.

ఈ కష్టానికి మన నేల మీదే ఒక జవాబు పుట్టింది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ అనగానే జిడ్డు కృష్ణమూర్తి గారి బడి గుర్తొస్తుంది. ఆ సంస్థ చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం చిన్న చిన్న బడులు కూడా పెట్టింది. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరి నుంచి ఆ బడుల్లో పనిచేస్తూ ఒక బోధనా పద్ధతిని తీర్చిదిద్దారు.

అదెలా ఉంటుందంటే, ఏడాది చదువును చిన్న చిన్న పనులుగా విడగొట్టి ఒక్కో పనికి ఒక్కో కార్డు చేస్తారు. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ గుర్తు, ఒక అంకె. ఏ కార్డు తర్వాత ఏది వస్తుందో చూపించే పెద్ద పటం గోడకు వేలాడుతుంది. దాన్ని నిచ్చెన అంటారు. పిల్ల రాగానే నిచ్చెన మీద తన మెట్టు వెతుక్కుంటుంది, అరలోంచి ఆ కార్డు తీసుకుంటుంది, దానికి తగిన జట్టులో కూర్చుంటుంది. కొత్త విషయమైతే టీచరు పక్కన, సాధనైతే తోటిపిల్లలతో, బాగా వచ్చిందైతే ఒంటరిగా. తర్వాత వచ్చిందో లేదో చూసుకునే కార్డు. రాకపోతే మళ్ళీ నేర్పే కార్డు ఉంటుంది, వస్తే పై మెట్టు.

చేని పనులయ్యాక తిరిగొచ్చిన పిల్ల ఇక్కడ తాను ఆగిన మెట్టు నుంచే మొదలుపెడుతుంది. ఆమెను వెనకబడిందని ఎవరూ అనరు. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే విలువైనది ఇదే.

నేను కోరుకునే తరగతి గదిలో గోడల అడుగున, పిల్లల చేతికందే ఎత్తులో నల్లబల్ల ఉంటుంది. ఎవరి జాగాలో వాళ్ళు రాసుకుంటారు. వాళ్ళు గీసిన బొమ్మలు తలల పైన కట్టిన తీగలకు వేలాడతాయి. టీచరుకు కుర్చీతో పనిలేదు, పిల్లలతోపాటు చాప మీదే కూర్చుంటుంది. ఊరి అవ్వలు వచ్చి కథలు చెప్తారు, ఆ కథలే చదువుకునే కార్డులవుతాయి. బయట ఒక చెట్టు, తాగే నీళ్ళు, గడియ పడే మరుగుదొడ్డి ఉంటాయి.

ఇది జరిగే పనేనా అని మీరు అడగవచ్చు. రిషివ్యాలీ పద్ధతి స్ఫూర్తితోనే చెన్నై కార్పొరేషన్ బడుల్లో కొన్నిటిలో 2003లో కార్డుల చదువు మొదలైంది. 2007 నాటికి తమిళనాడు అంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు చేరింది. అయితే కార్డులు పంచినంత మాత్రాన చదువు రాదు. ఏ పిల్ల ఏ మెట్టు దగ్గర ఎందుకు ఆగిందో చూసే టీచరు కావాలి. అలా చూసే తీరిక ఆ టీచరుకు దక్కాలి.

తల్లిదండ్రులకు నాదొక మనవి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు మీరే ఉండాలని, సగం మంది ఆడవాళ్ళు ఉండాలని విద్యాహక్కు చట్టం చెప్తోంది. సమావేశానికి వెళ్ళండి. మా బిడ్డ ఏం చదవగలదు, ఎక్కడ ఆగింది, అక్కడి నుంచి ఎలా నడిపిస్తారు అని అడగండి. మీరు అడిగితే బడి మారుతుంది.