క్రొత్త యజమానులు వచ్చినంతనే పట్టణమున నిరుద్యోగము తగ్గునా?
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

ముప్పదియైదు సంవత్సరములు పిల్లలకు శబ్దమంజరియు బాలవ్యాకరణమును చెప్పుకొని కాలము గడపిన మావంటివారిని ఉద్యోగముల విషయమై మాటలాడుమని కార్యదర్శిగారు ఏల కోరిరో మాకు మొదట బోధపడలేదు. "మీ శిష్యులలో సగముమంది విశాఖపట్టణముననే యున్నారు గదా, మీకు తెలియనిదేమి?" అని వారనిరి. ఆ మాట నిజమే. అందువలననే ఈ సాహసము.

ఈ మధ్యాహ్నము సభవారి యెదుటకు రానున్న తీర్మానములలో నాల్గవది వసతిగృహమునకు సంబంధించినది. విశాఖపట్టణమునకు పెద్ద కంపెనీలు వచ్చుచున్నవి గనుక, సంఘనిధి యంతయు వెచ్చించి అచట ఒక వసతిగృహము కట్టించి, మన గ్రామముల యువకులను పంపినచో మనలో నిరుద్యోగము తీరునని దాని యభిప్రాయము. సదుద్దేశముతో వ్రాసినదే. కాని అందలి "గనుక" అను పదముపై మాకు సందేహము కలదు. వైయాకరణులకు చిన్నపదములతోనే గదా పేచీ!

పూర్వపక్షమును ముందు న్యాయముగా చెప్పవలెను. పట్టణమున పదివేలమంది పనిలేక యున్నారు, క్రొత్త యజమాని వచ్చి తొమ్మిదివేలమందికి పని యిచ్చెను, మిగిలినవారు వేయిమందియే. మూడవ తరగతి బాలుడైనను ఈ తీసివేత చేయగలడు. నాయకులు వేదికలపై చెప్పునదియు, మన తీర్మానము నమ్మినదియు ఈ తీసివేతనే. ఇందలి దోషమేమనగా, పట్టణమునకు కోటగోడలున్నట్లును, వాని తలుపులు మూసియున్నట్లును ఇది భావించుచున్నది. తలుపులు లేవు. రైలు ఉన్నది, బస్సు ఉన్నది, చేతిలో ఫోను ఉన్నది. వార్త సాయంకాలమునకే ఊరు చేరుచున్నది.

నిరుద్యోగపు రేటు అనునది ఒక భిన్నము. లవము పని లేనివారి సంఖ్య. హారము పనిలో నున్నవారును పని లేనివారును కలిసిన మొత్తము. పట్టణవాసులందఱును హారమున చేరరు. చదువుకొనుచున్న బాలుడు, బయటి పని కోరని గృహిణి, వెదకి వెదకి విసిగి మానుకొన్నవాడు, వీరు లెక్కలోనికే రారు. మన దేశమున 2017లో ప్రారంభమైన ఆవర్తక శ్రామికశక్తి సర్వేయందు వారపు లెక్క యొకటి కలదు. అందు వారములో ఏ యొక్క దినముననైనను ఒక గంట పని చేసినవానిని సైతము పనిలో నున్నవానిగనే గణింతురు. ఇక క్రొత్త కర్మాగారము వచ్చినదనగానే, ఆ విసిగినవాడు దరఖాస్తు చేతబట్టుకొని మరల లేచును. నిన్నటిదాక అతడు లెక్కలో లేడు, నేడు నిరుద్యోగి. అతని కష్టము పెరుగలేదు, ఆశ పెరిగినది. కాని రేటు పెరిగినది!

ఇది చిన్న కారణము. పెద్ద కారణమును ఒక ఊహాలెక్కచే చూపెదము. అంకెలు మేము కల్పించినవే. తర్కము మాత్రము కల్పితము కాదు. పట్టణమున పని కోరువారు, చేయువారు కలిసి లక్షమంది, ఉద్యోగములు తొంబదివేలు. అనగా పని లేనివారు నూటికి పదిమంది. పట్టణపు కూలి దినమునకు 500 రూపాయలు, గ్రామమున 450. గ్రామమందలి యువకుడు ఆ 500ను మాత్రమే చూడడు. అది దొరకు అవకాశమును గూడ తూచుకొనును. పదింట తొమ్మిదివంతుల అవకాశ మున్నచో 500లో తొమ్మిదివంతులు 450. ఇంటియొద్దను అంతియే, అచటను అంతియే. కావున అతడు కదలడు.

ఇప్పుడు క్రొత్త యజమాని తొమ్మిదివేల ఉద్యోగములు తెచ్చెను. ఉద్యోగములు తొంబదితొమ్మిదివేలయ్యెను. ఎవ్వరును రాకున్నచో పని లేనివారు నూటికొక్కడే. కాని అవకాశము నూటికి తొంబదితొమ్మిది కాగా, గ్రామస్థుని త్రాసులో ఆ 500 విలువ 495 అయినది. గ్రామములు కదలును. ఎంతవరకు కదలును? అవకాశము మరల పదింట తొమ్మిదికి దిగువరకు. అనగా పట్టణమున పని కోరువారు, చేయువారు లక్షాపదివేలగువరకు. అప్పుడు పని లేనివారు పదునొకండువేలు. రేటు మరల నూటికి పదియే. తొమ్మిదివేలమందికి క్రొత్తగా అన్నము దొరకినది. అయినను పట్టణమున పని లేక తిరుగువారు వేయిమంది హెచ్చిరి.

ఈ తర్కమును శాస్త్రరూపమున 1970లో ప్రకటించినవారు జాన్ హారిస్, మైకేల్ టొడారో అను ఇరువురు ఆర్థికశాస్త్రవేత్తలు. వారి దృష్టిలో నున్నది తూర్పు ఆఫ్రికా. కెన్యా దేశము 1963 డిసెంబరులో స్వతంత్రమైనది. మఱుసటి సంవత్సరమే ప్రభుత్వమును, యజమానులును, కార్మికసంఘములును కలిసి ముప్పేట ఒడంబడిక యొకటి చేసికొనిరి. ప్రైవేటు యజమానులు తమ పనివారిని నూటికి పదివంతున, ప్రభుత్వము నూటికి పదునైదువంతున పెంచవలెను. సంఘములవారు కూలి పెంచుమని అడుగరాదు, సమ్మె చేయరాదు. ఉద్యోగములు వచ్చునను వార్త వినగానే పల్లెలనుండి జనము పట్టణములకు బయలుదేరెను. నిరుద్యోగము తీరలేదు. 1970లో అటువంటి ఒడంబడికనే మరల చేసికొనవలసి వచ్చినది. ఒక్క మోతాదుతో రోగము కుదిరియుండినచో రెండవ మోతాదు ఏల?

ఆఫ్రికా దూరమందురేమో, విశాఖపట్టణమునే చూతము. 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాద్‌గారు అచట సింధియావారి నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. 1948లో జలఉష నీటిలోనికి దిగెను. 1957లో చమురుశుద్ధి కర్మాగారము నడువనారంభించెను. ఓడరేవు సరేసరి. 1951 జనాభా లెక్కలలో లక్షకు కొంచెము మించిన పట్టణము 1961 నాటికి రెండు లక్షలు దాటెను. పది సంవత్సరములలో పట్టణమును ఇనుమడింపజేయుట ఉయ్యాలలవలన నగు పని కాదు. రైళ్లు చేసిన పని యది. శ్రీకాకుళమునుండియు, విజయనగరపు పల్లెలనుండియు, ఆవలి ఒడిస్సానుండియు వచ్చినవారు వారు. మన పెద్దలలో అనేకులు అట్లు వచ్చినవారే. వచ్చి చెడిపోయిరని మేము చెప్పుట లేదు. వారు వచ్చుటవలన, నౌకాశాల యొక్క వేతనపట్టిక పెరిగినకొలది దాని గేటు ముందు వరుసయు పెరిగినదని మాత్రము చెప్పుచున్నాము.

ఆశకును జీతమునకును నడుమ గల దూరమును గూడ మరువరాదు. ఉక్కు కర్మాగారమునకు 1966లో ఆంధ్రదేశమంతయు ఉద్యమించెను. 1971లో శంకుస్థాపన జరిగెను. అది జాతికి అంకితమైనది 1992లో. శంకువునకును అంకితమునకును నడుమ ఇరువదియొక్క సంవత్సరములు. జనము శంకుస్థాపననాడే బయలుదేరును గాని అంకితమునకై వేచియుండదు.

ఇచ్చట మా తప్పు ఒకటి చెప్పుకొనవలసియున్నది. మా శిష్యుడొకడు విజయనగరము జిల్లాలోని ఒక పల్లెలో తండ్రికి తోడుగా పిండిమర నడుపుచుండెను. డిగ్రీ చదివినవాడు, బుద్ధిమంతుడు. పట్టణమున ఒక పెద్ద కర్మాగారము వచ్చునని విని మా సలహా కోరెను. "నీవంటివాడు పిండి దులుపుకొనుచు కూర్చుండనేల?" అని మేమే ప్రోత్సహించి, సచ్ఛీలమునకు యోగ్యతాపత్రము వ్రాసి యిచ్చితిమి. గాజువాకలో మరి ముగ్గురితో కలిసి గది తీసికొనెను. ఉద్యోగ మిప్పించెదనని ఒక మధ్యవర్తి నలుబదివేలు తీసికొని కనబడకుండ పోయెను. మూడు సంవత్సరములు వేచియుండెను. ముసలితండ్రికి ఒంటరిగా మర నడుపుట సాధ్యము కాక దానిని అమ్మివేసెను. పల్లెలో నున్నన్నాళ్లు ఆ బాలుడు సర్వేవారి లెక్కలో పనివాడే. పట్టణమునకు పోయి నిరుద్యోగి యయ్యెను. ఇప్పుడొక గిడ్డంగిలో రాత్రికాపలా. పండుగకు వచ్చినప్పుడు మాకు పాదనమస్కారము చేయును గాని, మర సంగతి ఎత్తడు. మేమును ఎత్తము.

తక్కిన కారణములను త్వరగా చెప్పి ముగింతుము. సర్వేవారు మనిషిని లెక్కించునది అతని ఇంటియొద్ద గాని పనిచోట గాదు. అనకాపల్లినుండి ప్రతిదినము విశాఖకు పోయి పనిచేయువాని ఉద్యోగము అనకాపల్లి లెక్కలోనిది. క్రొత్త యజమాని తరచుగా కోరునది అనుభవముగలవానిని, అనగా మఱియొకని యొద్ద పనిచేయుచున్నవానిని. మఱి కొన్ని పరిశ్రమలకు మనుష్యులే అంతగా అక్కఱలేదు. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థవారు విశాఖయందు ఐదు సంవత్సరములలో 1500 కోట్ల డాలర్లు వెచ్చింతుమని ప్రకటించిరి. మొత్తము వినగా కన్నులు చెదరును. కాని డేటా కేంద్రమనునది కంప్యూటర్లకు కట్టిన గిడ్డంగి. కట్టునప్పుడు తాపీవారు, ఎలక్ట్రీషియనులు మొదలగువారు పెక్కుమంది కావలెను. కట్టిన పిమ్మట దానిని నడుపుటకు అందఱు అక్కఱలేదు. డబ్బును చూచి మనుష్యులను లెక్కగట్టరాదు.

అయినచో క్రొత్త యజమానులే వలదా? అట్లు మేమనలేదు. తొమ్మిదివేల కుటుంబములకు అన్నము దొరకుట సామాన్యమా! రేటు ఎన్నడును తగ్గదనియు మేము చెప్పుట లేదు. ముసలి తలిదండ్రులు, పొలము, ఇంటి అద్దె మనిషిని పట్టి యుంచును. లెక్కలో కదలినంత సులభముగ మనుష్యులు కదలరు. స్థానికులకు పని నేర్పి చేర్చుకొన్న చోట్ల రేటు తగ్గవచ్చును. తగ్గితీరవలెనను నియమము లేదనునంతవరకే మా వాదము.

మా ఊహాలెక్కకే మరల రండు. పట్టణమున ఒక్క ఉద్యోగమును చేర్చక, గ్రామమందలి సంపాదనను మాత్రము 450 నుండి 475కు పెంచుడు. ఇప్పుడు నూటికి తొంబదియైదు పాళ్ల అవకాశము లేనిదే యువకుడు కదలడు. ఆ తొంబదితొమ్మిదివేల ఉద్యోగములకు వరుసలో నిలుచువారు సుమారు లక్షానాలుగువేల రెండువందలమంది. పని లేనివారు ఐదువేల రెండువందలు. రేటు నూటికి ఐదు. పట్టణపు నిరుద్యోగమును సగమునకు తగ్గించిన మందు పల్లెలో దొరకినది! 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి పథకమును ప్రారంభించినప్పుడు దానిని పల్లెవారికి చేసిన దయగా పలువురు తలచిరి. పట్టణమున వరుసలో నిలిచినవానికిని అది ఉపకారమేయని తలచినవారు అల్పము.

కావున నాల్గవ తీర్మానమునకు మేమొక సవరణ తెచ్చియున్నాము. నిధిలో సగము వసతిగృహమునకు; అందును పని కుదిరినట్లు పత్రమున్నవారికిని, ఏదైన పని నేర్చుకొనుచున్నవారికిని మాత్రమే చోటు. తక్కిన సగము గ్రామములలో పిండిమర, నూనెగానుగ, కుట్టుపని, మోటారు మరమ్మతు వంటివి నిలుపుకొనువారికి తక్కువ వడ్డీకి అప్పుగా నీయవలెను. మేము ఈ సంవత్సరము వాగ్దానము చేసిన పదివేల రూపాయలను రెండు పద్దులకును సమముగా జమకట్టుమని కోశాధికారిగారికి కాగితము వ్రాసి యిచ్చితిమి. తీర్మానము చదువునప్పుడు సవరణను గూడ దానితోనే చదివించి, సభవారి యభిప్రాయము తీసికొనవలసినదిగా అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాము.