రెండో ఎత్తుకే మంత్రి బయటికి

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ సంగతులు, ఆరోగ్య సంగతులు నా ముందువారు చెప్పారు. నాకిచ్చిన ఐదు నిమిషాల్లో ఒక్క చదరంగం ఆట గురించి చెబుతాను.

2024 సెప్టెంబరు 22. హంగరీలోని బుడాపెస్ట్‌లో 45వ చెస్ ఒలింపియాడ్, చివరిదైన 11వ రౌండు. మన జట్టుకు 19 పాయింట్లు, వెనకనున్న చైనాకు 17. స్లొవేనియాతో సరిసమానంగా ముగించినా బంగారం మనదే. మూడో బోర్డు మీద మన వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్. రామగుండంలో బండెక్కి కాజీపేటలో దిగితే వాళ్ల ఊరే. ఎదుట యాన్ షుబెల్. అర్జున్‌వి నల్లపావులు.

డ్రా చాలినప్పుడు నల్లపావులవాడు గోడ కట్టుకుని కూర్చుంటాడని మనమనుకుంటాం. అర్జున్ ఆడింది సెంటర్ కౌంటర్ డిఫెన్సు. పేరుకు రక్షణే గాని తొలి ఎత్తులోనే కయ్యం. తెల్లవాడు రాజు ముందరి బంటును రెండు గళ్లు జరపగానే, నల్లవాడు మంత్రి ముందరి బంటును రెండు గళ్లు తోసి దానికి అడ్డం పడతాడు. తెల్లబంటు దాన్ని కొడుతుంది. నల్లమంత్రి వచ్చి ఆ తెల్లబంటును కొడుతుంది. రెండో ఎత్తుకే మంత్రి నడిబజారులో నిలబడిందన్నమాట! వెంటనే తెల్లగుర్రం దూకి తరుముతుంది. మంత్రిని తొందరపడి బయటికి తీయొద్దని మనకు ఆట నేర్పినవారంతా చెప్పిన మాటే కదా. అయితే అలా ఒక ఎత్తు పోగొట్టుకున్నందుకు ప్రతిఫలం ఉంది. మధ్యలో తెల్లవాడి పట్టు సడలుతుంది, నల్లశకటుకు దారి తెరుచుకుంటుంది. 1995లో న్యూయార్క్‌లో కాస్పరోవ్‌తో జరిగిన ప్రపంచ పోటీ 14వ ఆటలో ఆనంద్ కూడా దీన్నే ప్రయోగించాడు. ఆ ఆట ఓడిపోయాడు.

అర్జున్ గెలిచాడు. మొదటి బోర్డు మీద గుకేశ్ కూడా నల్లపావులతోనే ఫెడొసీవ్‌ను ఓడించాడు. మనవాళ్లు 3.5-0.5తో నెగ్గారు. ఓపెన్ విభాగంలో భారత్‌కు అదే తొలి బంగారం. గుంటూరు హరికృష్ణ ఆ జట్టులోనివాడే. అదే రోజు హారిక ఆడిన మహిళల జట్టుకూ బంగారం వచ్చింది.

జట్టుకు డ్రా చాలినప్పుడు ఇలాంటి ఆట దుడుకుతనమని మన మిత్రులు కొందరన్నారు. నేనొప్పుకోను. అర్జున్ ఆ పోటీలో 11 ఆటలాడి 10 పాయింట్లు తెచ్చాడు, తన బోర్డుకు విడిగా బంగారం కూడా అందుకున్నాడు. డ్రాల కోసం కూర్చున్నవాడికి అన్ని రావు.

హాలు బయట బల్ల మీద బోర్డు పెట్టించాం. తెల్లగుర్రం తరిమే దాకా పావులు అమర్చి ఉన్నాయి. మనవలను, మనవరాళ్లను తీసుకొచ్చినవారు భోజనానికి ముందు అక్కడికి తీసుకెళ్లండి. మంత్రి ఎటు పోవాలో వాళ్లనే అడగండి. మీరు చెప్పకండి.