తొలకరికి ముందే పెరటి మడి



పొలానికి వేసవి దుక్కి కావాలని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక్క వాన పడితే చాలు, నాగళ్లు, ట్రాక్టర్లు కదులుతాయి. కాని ఇంటి వెనుక ఉన్న రెండు సెంట్ల పెరడు సంగతి ఎంతమందికి గుర్తుకు వస్తుంది? మృగశిర చినుకు పడ్డాక పార తీసుకొని పైపైన గీకి, నాలుగు వంగ మొక్కలు నాటి, నాలుగు బెండ గింజలు వేసి వస్తాము. నెల తిరిగేసరికి మొక్క గిడసబారుతుంది, ఆకు పసుపు తిరుగుతుంది. విత్తనం మంచిది కాదని అంగడివాణ్ణి తిడతాము. తీరా చూస్తే చాలాసార్లు తప్పు విత్తనానిది కాదు, మడిది. ఇంటిల్లిపాదికీ కూర పెట్టవలసిన మడి అది. దానిని బాగుచేసుకొనే అదను ఏప్రిల్ చివర భరణి కార్తె మొదలు జూన్ మొదటి వారంలో రోహిణి కార్తె వెళ్లేదాకా.

మొట్టమొదట పాత మొక్కలను వేళ్లతో సహా పెకలించి, ఆ వేళ్లను చూడండి. వంగ, టమాటా, బెండ వేళ్లు ముడులు ముడులుగా ఉబ్బి ఉన్నాయా? అయితే మీ నేలలో నులిపురుగు ఉన్నదన్న మాట. అది కంటికి కనిపించదు. చిక్కుడు, అలసంద వేళ్లకు కూడా బుడిపెలు ఉంటాయి కదా అని మీరు అడగవచ్చు. ఆ బుడిపెలు వేరు పక్కన అంటుకొని ఉంటాయి, గోటితో గీకితే ఊడివస్తాయి. చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది. అవి నేలకు నత్రజని చేర్చేవి, మనకు మేలు చేసేవి. నులిపురుగు ముడి అలా ఊడిరాదు. వేరే ఉబ్బిపోయి ఉంటుంది. అటువంటి వేళ్లను ఎరువుగుంటలో వెయ్యవద్దు. ఎండబెట్టి కాల్చివెయ్యండి. తక్కిన చెత్తను మాత్రం కాల్చక గుంటలోకే చేర్చండి.

తరువాత జానెడు లోతున మడిని తవ్వండి. బెడ్డలను చితక్కొట్టకుండా అలాగే వదలాలి. రోళ్లు పగిలే ఎండ అని మనం తిట్టుకొనే ఆ ఎండే ఇక్కడ కూలి అడగని పనివాడు. పురుగుల గుడ్లు, కోశాలు పైకి వచ్చి మాడిపోతాయి. కొన్నింటిని కాకులు, గోరింకలు ఏరుకొని తింటాయి. గరిక వేళ్లు ఎండిపోతాయి. తుంగ సంగతి వేరు. లోతున మిగిలిన ఒక్క గడ్డ చాలు, మళ్లీ మడంతా అల్లుకొంటుంది. కాబట్టి తవ్వినప్పుడల్లా తుంగ గడ్డలను చేతితో ఏరి పారవెయ్యవలెను. రెండు వారాలు పోయాక మడిని మరొకమారు తిరగవెయ్యండి.

నారు పోసుకొనే చోటికి ఇంకొక ఉపాయం ఉన్నది. అక్కడ బెడ్డలు నలగగొట్టి, మాగిన ఎరువు కలిపి, చదును చేసి, నేల లోపలిదాకా తడిసేటట్లు నీరు పెట్టండి. దానిపై పల్చని, తెల్లని, వెలుతురు చొరబడే ప్లాస్టిక్ కాగితం పరచి, అంచులు మట్టితో కప్పి, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. నల్ల కాగితం ఇంత పని చెయ్యదు. తడి నేల లోపల ఉడికి, నారుకుళ్లు తెచ్చే బూజు, నులిపురుగు, కలుపు గింజలు చాలావరకు నశిస్తాయి. కాగితం తీశాక మళ్లీ లోతుగా తవ్వవద్దు. తవ్వితే అడుగున మిగిలిన తెగులును మీరే పైకి తెచ్చినట్లవుతుంది.

ఇక ఎరువు. ఎకరానికి పది టన్నుల లెక్కన సెంటుకు 100 కిలోల పశువుల ఎరువు పడుతుంది. అది బాగా మాగినదై ఉండాలి. పేడ వాసన పోయి, నల్లబడి, చేతిలో పొడిపొడిగా రాలితే మాగినట్లు. పచ్చి పేడ వేస్తే చెదలను, వేరుపురుగును పిలిచినట్లే, కలుపు గింజలు చల్లినట్లే. ఎరువును వారాల తరబడి మడిలో కుప్పలుగా ఎండనివ్వవద్దు. ఎండితే సారం గాలిలో కలిసిపోతుంది. తొలకరికి పది, పదిహేను రోజుల ముందు తోలి, ఆనాడే మట్టిలో కలిపెయ్యండి. భూసార పరీక్ష చేయించదలిస్తే ఎరువు వెయ్యకముందే మట్టి తియ్యాలి. ఎనిమిది, పది చోట్ల ఆరంగుళాల లోతు వరకు తీసి, కలిపి, అందులో అరకిలో పంపితే చాలు. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటపోగు ఉన్న చోట తియ్యకండి.

వానాకాలానికి నారుమడి పల్లంగా ఉండరాదు. గజం వెడల్పున, ఆరంగుళాల ఎత్తున కట్టి, చుట్టూ కాలువ తీయండి. గజం వెడల్పు ఎందుకంటారా? ఇరుపక్కల నుంచి చెయ్యి అందాలి, మడిలో కాలు పడకూడదు.

చివరి మాట. నిరుడు వంగ వేసిన చోట ఈ ఏడు వంగ గాని, టమాటా గాని, మిరప గాని వెయ్యకండి. ఈ మూడూ ఒకే కుటుంబానివి, ఒకదాని తెగులు ఇంకొకదానికి అంటుతుంది. వేరులో ముడులు కనిపించిన చోట ఒక పంట కాలం మడి నిండా బంతి వెయ్యండి. నులిపురుగు తగ్గుతుంది, గుమ్మానికి పూలూ దక్కుతాయి.

ఈ పనులకు డబ్బు కంటే రోజూ ఓ గంట తీరిక ముఖ్యం. తొలకరి చినుకు మడిని అడిగి రాదు. అది వచ్చేనాటికి మన మడి సిద్ధంగా ఉండాలి.