రోగము వచ్చిన దారి

ఊరిలో ఒక జ్వరము ప్రబలినప్పుడు మనము మొట్టమొదట వేయు ప్రశ్న "దీనిని ఎవరు తెచ్చిరి?" అని. వైద్యవిద్యలో ఒక శాఖ ఈ ప్రశ్నను కొంచెము మార్చి, "ఇది ఏ దారిన వచ్చినది?" అని అడుగును. మార్పు స్వల్పమే గాని ఫలితములో భేదము మెండు. మొదటి ప్రశ్నకు ఒక మనిషి పేరు దొరకును. రెండవ ప్రశ్నకు ఒక బావియో, శుభ్రపరుపని ఒక గొట్టమో, గాలి చొరని ఒక గదియో దొరకును. మనిషిని నిందించిన రోగము ఆగదు. దారిని మూసిన ఆగును. ఈ శాఖకు ఎపిడెమియాలజీ, అనగా రోగవ్యాప్తి శాస్త్రము అని పేరు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో బి.ఎస్సీ.యో, ఎం.బి.బి.ఎస్.యో ముగించిన యువతీయువకులు పై చదువును గూర్చి ఆలోచించునప్పుడు ఈ శాస్త్రమును కూడ తలచుకొనవలెనని నా మనవి. ముఖ్యముగా అందలి రెండు విభాగములు నేడు మనకు అవసరము. ఆసుపత్రిలోపల రోగములు వ్యాపించు తీరును పరిశీలించునది ఒకటి. రోగక్రిమి యొక్క జన్యువులను చదివి దాని జాడ తీయునది మరియొకటి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయము ఈ రెంటిని జోడించి ఒకే స్నాతకోత్తర విద్యగా బోధించినది.

ఈ శాస్త్రము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఈ మూడు పట్టణములును 2016 వరకు నల్లగొండ జిల్లాలోనివే. సూర్యాపేట, కోదాడలు 2016లో ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరినవి. నల్లగొండ ఫ్లోరైడు వ్యాధిని గూర్చి సిద్దిఖీ అను వైద్యుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాసెను. వెన్ను బిగిసి వంగలేని రోగి మంచము నుండి ఆ పరిశీలన ఊరి బావి వరకు సాగినది. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు ఫ్లోరైడు ప్రాంతములందు యువకుల మోకాళ్లు లోపలికి వంగుటను లాన్సెట్ పత్రికలో వర్ణించిరి. నాగార్జునసాగరము నిండిన పిదప భూగర్భజలము పైకి వచ్చి, నేలలోను జొన్నలోను సూక్ష్మలోహముల పాళ్లు మారినవేమో యను ఊహ కూడ వారి పరిశోధనల నుండి పుట్టినది. ఒక అవయవపు వంకరను చూచి నీరు, నేల, పంట, ఆహారము అన్నింటిని ప్రశ్నించుటయే ఈ శాస్త్రపు పద్ధతి.

ఇక ఆసుపత్రి సంగతి. 1847లో వియన్నా నగరమునందలి ఒక ప్రసూతి వార్డులో బాలింత జ్వరముతో తల్లులు మరణించుచుండిరి. మంత్రసానులు పనిచేయు వార్డులోకంటె వైద్యులు పనిచేయు వార్డులో మరణములు ఎక్కువగా ఉన్నట్లు సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు లెక్కలలో గమనించెను. వైద్యులు శవపరీక్ష గది నుండి తిన్నగా పురుళ్లకు వచ్చుచున్నారని గ్రహించి, క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడుగవలెనని నియమము పెట్టెను. ఏప్రిల్ నెలలో నూటికి 18 మంది చొప్పున ఉన్న మరణములు జూన్ నాటికి నూటికి 2కు దిగినవి. క్రిముల సిద్ధాంతము అప్పటికింకను స్థిరపడలేదు. దారి తెలియుటయే చాలినది.

నేడు రోగి ఆసుపత్రిలో చేరిన 48 గంటలు గడచిన పిదప తలయెత్తిన అంటును సాధారణముగా ఆసుపత్రిలో తగిలినదిగా లెక్కింతురు. ఒకే వార్డులో ముగ్గురు రోగులకు క్లెబ్సియెల్లా అను క్రిమి, ఏ మందునకును లొంగనిది, కనిపించినదనుకొందము. ముగ్గురిలోని క్రిముల జన్యుక్రమము ఒక్కటే అయినచో మూలము వార్డులోనే ఉండవచ్చును: ఒక గొట్టము, ఒక తొట్టి, లేదా సేవచేయువారి చేతులు. ముగ్గురివి మూడు విధములైనచో వారు దానిని వేరువేరుగా వెంట తెచ్చుకొనియుందురు. అప్పుడు ఊరిలో మందుల వాడకమును విచారింపవలెను. వ్యాధి ఒకటే, చికిత్స ఒకటే, కాని నివారణ వేరు. ఆ భేదము వార్డులో నిలిచి చూచిన కంటికి తెలియదు.

ఈ పని పెద్ద నగరములదే అనుకొనరాదు. 65వ జాతీయ రహదారిపై గాయపడిన ప్రయాణికుడు తొలుత కోదాడలో, పిమ్మట సూర్యాపేటలో, తుదకు హైదరాబాదులో చికిత్స పొందవచ్చును. మిర్యాలగూడ రైస్ మిల్లులలో పనిచేయు కూలి జ్వరముతో దూరపు స్వగ్రామమునకు పోవచ్చును. రోగితో క్రిమియు ప్రయాణము చేయును. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. బోధనాసుపత్రి ఉన్నచోట రోగుల చరిత్రలు, పరీక్షల నమూనాలు చేరును. వాటిని కలిపి చదువగలవారు కావలెను.

2020 ఏప్రిల్ నెలను సూర్యాపేట మరువలేదు. కూరగాయల మార్కెట్టు చుట్టును కోవిడ్ రోగులు గుంపుగా తేలిరి. జిల్లాలో వారి సంఖ్య 80 దాటినది. ఇరుగుపొరుగువారితో అష్టా చెమ్మా ఆడిన ఒక గృహిణి వలన 31 మందికి వ్యాధి సోకినదని పత్రికలు వ్రాయగా ఆ వార్త దేశమంతట తిరిగినది. ఇట్టి మాటను శాస్త్రజ్ఞుడు వెంటనే నమ్మడు, వెంటనే త్రోసివేయడు. ఆడియు వ్యాధి సోకనివారెందరు? ఆడకయే సోకినవారెందరు? ఆడినవారందరును ఆ మార్కెట్టులోనే కూరలు కొనలేదా? అని అడుగును.

తరువాత జన్యువులను చదువును. కోవిడ్ వైరసు జన్యుక్రమములో సుమారు 30,000 అక్షరములున్నవి. అందులో నెలకు సుమారు రెండు అక్షరములు మారుచుండును. తాటాకు గ్రంథమునకు ప్రతి వ్రాయునప్పుడు లేఖకుడు చేసిన తప్పు తరువాతి ప్రతులలోను నిలిచిపోవును. తప్పులను బట్టి ఏ ప్రతికి ఏది మూలమో పండితులు నిర్ణయింతురు. ఇదియు అట్టిదే. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు అదే సంవత్సరము ఈ పద్ధతిచే మన దేశములో విశేషముగా వ్యాపించిన ఒక వైరసు వంశమును గుర్తించి ఏ3ఐ అని పేరిడిరి.

అయితే దీనికొక హద్దు కలదు. ఒక వారములో నలుగురి చేతులు మారిన వైరసు ఒక్క అక్షరమైనను మారక ఉండవచ్చును. కనుక "ఈమె నుండియే వచ్చినది" అని జన్యువులు రూఢిగా చెప్పజాలవు. అక్షరములు చాల భేదించినచో "ఈమె నుండి వచ్చినది కాదు" అని మాత్రము గట్టిగా చెప్పగలవు. నింద మోపుటకంటె నింద తొలగించుటకే ఈ విద్యకు శక్తి ఎక్కువ అన్నమాట. ఊరంతయు వ్రేలెత్తి చూపిన మనిషికి ఇది చిన్న ఉపకారము కాదు.

ఈ విద్యార్థి నేర్వవలసినవి నాలుగు: గణాంకములు, సూక్ష్మజీవశాస్త్రము, జన్యుశాస్త్రము, రోగి రహస్యమును కాపాడు ధర్మము. వైద్య పట్టభద్రులకు సూక్ష్మజీవశాస్త్రములోను, సామాజిక వైద్యములోను మూడేండ్ల ఎం.డి. కలదు. ఇతర పట్టభద్రులు సైతము అర్హతను బట్టి రెండేండ్ల ఎం.పి.హెచ్. చదువవచ్చును, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము, హైదరాబాదులోని భారతీయ ప్రజారోగ్య సంస్థ, చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ అట్టి విద్య నేర్పినవి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ చదువు చదివినవాని యింటి ముందు రోగులు బారులు తీరరు. అతడు ఆపిన రోగము రాదు గనుక అతనికి కృతజ్ఞత చెప్పువారును ఉండరు. అయినను ఒక వార్డులో చేతులు కడుగు తొట్టిని సరియైన చోట పెట్టించినవాడు, ఒక వీధి వారిపై పడిన అపవాదును లెక్కలతో తుడిచినవాడు, తన ఊరికి వైద్యుడే. మీ పిల్లలలో ఎవరైన ఈ దారి త్రొక్కుదుమన్నచో వారించకుడు.